బాలింత గదిలో గాలి

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది. ఒక ఇంటి సంగతిని ఆ ఇంటికి పోయి చెప్పకుండా పాల సొసైటీ ముందు, క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళందరూ వింటుండగా చెప్పాను. అది నిజమే అయినా అలా చెప్పడం తప్పే. నిజం కూడా కాదని సాయంత్రానికి తెలిసింది.

మాది తిరుత్తణికి దగ్గరగా, గుట్టల మధ్య ఉన్న చిన్న ఊరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ చీకటితో లేచి ఎలక్ట్రిక్ ట్రెయిన్ పట్టుకుని పట్టాభిరామ్‌లో దిగి, అక్కడొక చిన్న కంపెనీలో స్టోర్స్ చూసేవాణ్ణి. బోల్టు కావాలన్నా, చేతి గ్లౌజులు కావాలన్నా ఎవరైనా నా కిటికీ దగ్గరికి రావలసిందే. రిటైరై ఊరు చేరాక అలాంటి కిటికీ లేకుండా పోయింది. పని లేక కాదు, అడిగేవాళ్ళు లేక నాకు తోచేది కాదు. అందుకే తిరువళ్ళూరు వైపు ఒక కాలేజీ నుంచి టీచరమ్మ వచ్చి, ఇళ్ళలో గాలిని కొలిచే పనికి తెలుగూ తమిళమూ రెండూ వచ్చిన మనిషి కావాలి అన్నప్పుడు ఆమె మాట పూర్తి కాకముందే ఒప్పుకున్నాను.

ఆమె చెప్పినది నాకు అర్థమైనంతవరకూ ఇంతే. మన కాళ్ళ కింద రాతిలోంచి, మట్టిలోంచి ఒక వాయువు ఎప్పుడూ పైకి వస్తూ ఉంటుంది. పేరు రేడాన్. రంగు లేదు, వాసన లేదు. ఆరుబయట గాలిలో కలిసిపోతుంది. మూసి ఉంచిన గదిలో మాత్రం నేల సందుల్లోంచి వచ్చింది వచ్చినట్టే నిలిచిపోతుంది. ఏళ్ళ తరబడి దాన్ని ఎక్కువగా పీల్చినవాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. బీడీ, సిగరెట్ తాగేవాళ్ళకు మరీ. ఇది గ్రానైటు గుట్టల ప్రాంతం కాబట్టి ఒకసారి చూద్దాం అనుకున్నామనీ, చాలా ఇళ్ళలో ఏమీ ఉండకపోవచ్చుననీ ఆమె చెప్పింది. ఆ చివరి మాటను నేను ఊళ్ళో ఎక్కడా చెప్పలేదు. అది చెబితే నా పనికి విలువ తగ్గిపోతుందనిపించింది.

కొలవడానికి ఇచ్చినవి అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బాలు. లోపల గోరంత ఫిల్ము ముక్క ఉంటుంది. మనుషులు పడుకునే గదిలో మేకుకు తగిలించి మూడు నెలలు కదల్చకుండా ఉంచితే, ల్యాబులో ఆ ఫిల్ము మీది గుర్తులు చూసి గదిలో రేడాన్ ఎంతుందో చెబుతారు. తగిలించడమూ తీయడమూ నా చేత్తోనే జరగాలని ఆమె మరీమరీ చెప్పింది. ఫలితం వచ్చాక ఎవరింటికి వాళ్ళింటికి పోయి, కూర్చుని, నెమ్మదిగా చెప్పమని కూడా చెప్పింది. నేను అన్నిటికీ తల ఊపాను.

వినాయక చవితి అయ్యాక తగిలించాము. ధనుర్మాసం వచ్చి మార్గళి చలి మొదలయ్యాక తీసి పంపాము. రెండు మూడు వారాలకు ఫలితాలు నా ఫోనుకు వచ్చాయి. అన్నీ బాగున్నాయి, ఒక్క ఇల్లు తప్ప. ఆ ఒక్క ఇంట్లో కొలత, ఏదో ఒకటి చేయక తప్పదనే హద్దు దాటిపోయింది. ఆ ఇల్లు మా వీధి చివర ఉండే అక్కది. సొంత అక్క కాదు, వరసకు. నాకన్నా కొంచెం పెద్దది. రెండు ఆవులు పెట్టుకుని, కొడుకు ఫ్యాక్టరీ జీతంతో సంసారం నడిపే మనిషి.

ఆ పొద్దున ఆమె నాకన్నా ముందే వరసలో ఉంది. నన్ను చూడగానే గొంతు పెంచింది.

"ఏం తమ్ముడా! నీ గాలి డబ్బాలు ఏం చెప్పినాయి? మా ఇంటి గాలికి ఫ్యాట్ ఎంత వచ్చినాది?"

అందరూ నవ్వారు. పాలకు ఫ్యాట్ చూసే కుర్రాడు కూడా తల ఎత్తి నవ్వాడు. నాకు ముఖం వేడెక్కింది. ఆ నవ్వులో చెడ్డతనం లేదని నాకిప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం మూడు నెలలుగా నేను చేసిన పనిని ఇంతమందిలో తేలిక చేసిందనే తోచింది.

"తర్వాత నవ్వుదువుగాని అక్కా. ఊరి మొత్తానికీ మీ ఇంట్లోనే ఎక్కువ చూపించినాది."

నవ్వు ఆగిపోయింది. వెనకనుంచి ఒకాయన అడిగాడు, "ఎక్కువంటే? ఆ జబ్బేనా?"

"అదంతా టీచరమ్మ చెప్పల్ల," అన్నాను. అవునన్నట్టు వినిపించేలాగే అన్నాను.

అక్క పాలు పోసింది. చీటీ తీసుకోలేదు, క్యాను మూత అక్కడే మరిచిపోయింది. ఆమె నడిచిపోతుంటే ఇద్దరు ఆడవాళ్ళు దారి ఇవ్వడానికి అవసరమైనదానికన్నా ఎక్కువ పక్కకు జరిగారు. అది చూశాను. చూసి కూడా ఆమె వెంట పోలేదు.

ఇంట్లో ఈ సంగతి చెబితే నా భార్య దోసె తిప్పుతూనే అంది, "ఆ మాట ఆమె ఇంటికి పోయి చెప్పుంటే నీ నోరు అరిగిపోయేదా?" తిన్నాను, పేపరు చదివాను, పడుకున్నాను. లేచేసరికి ఆమె వీధిలోంచి ఇంకో వార్త తెచ్చింది. అక్క కోడలు పుట్టింట్లో బాలింతగా ఉంది. బిడ్డకు మూడో నెల. వచ్చే బుధవారం తల్లినీ బిడ్డనూ తీసుకురావాలి. అక్క ఫోను చేసి తేవద్దని చెప్పేసిందట. ఈ ఇంట్లో చెడ్డ గాలి ఉంది, బిడ్డను అక్కడి బాలింత గదిలోనే ఉంచుకోండి, మేము చెప్పేదాకా గడప దాటించొద్దు అందట.

అప్పుడు లేచి చొక్కా వేసుకున్నాను. బిడ్డ ఇంటికి రావడం నా నోటి వల్ల ఆగిపోయిందంటే కూర్చోబుద్ధి కాలేదు.

అక్క ఇల్లు ఇల్లులా లేదు. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, అన్ని ఫ్యాన్లూ తిరుగుతున్నాయి. పరుపులు, దిండ్లు, బిడ్డకోసం కొత్తగా కుట్టించిన బొంత అన్నీ వాకిట్లో ఎండలో పడి ఉన్నాయి. ఆమె కొడుకు డ్యూటీకి పోకుండా మంచాలను ఆవుల కొట్టంలోకి మోస్తున్నాడు.

"ఈ పొద్దు అందరం కొట్టంలోనే పండుకుంటాం," అంది అక్క. పొద్దున్నుంచి ఏడ్చినట్టుంది, గొంతు పూడిపోయింది. "ఆవులకేమో గాలాడే కొట్టం కట్టిస్తిమి, మనుషులకేమో చావు కొట్టం. పెండ్లయి వచ్చినకాడినుంచీ ఆ గదిలోనే పండుకుంటిని తమ్ముడా. నాకేమైనా పరవాలేదు. కోడలు కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఆడనే గదా ఉన్నింది. బిడ్డకేమైనా అయ్యుంటాదా?"

నాకు తెలియదు. తెలియదని చెప్పాలి. అది చెప్పలేక, ఏదో ఒకటి చేస్తున్నట్టు కనిపించడానికి, "డబ్బా తగిలించిన మేకు యాడుందో చూపించక్కా, అక్కడ నేల ఎట్లుందో చూస్తా," అన్నాను.

"ఏ మేకు?"

"డబ్బా మేకక్కా."

"డబ్బా ఈడ యాడుండాది? కోడలు పుట్టింటికి ఎత్తకపోయె గదా."

నేను ఆమెనే చూస్తూ నిలబడ్డాను.

"ఏం చూస్తావు? నువ్వే గదా చెప్పినావు. నువ్వు పండుకునే కాడ తగిలించుకోమ్మా, మూణ్ణెల్లూ నీ తలకాడనే ఉండల్ల అంటివి. శ్రీమంతం చేసి వాళ్ళమ్మోళ్ళు తీసుకపోయే రోజు గాజుల పెట్టె కన్నా ముందు దాన్నే సంచిలో పెట్టుకునింది. మామ చెప్పినాడు, ఇది నాతోనే ఉండల్లంట అనేసి."

ఆ మాటలు నావే. గది మాట ఎత్తితే ఆడవాళ్ళకు అర్థం కాదేమో అనుకుని, ప్రతి ఇంట్లోనూ ఆడమనిషిని చూసి అలా ముద్దుగా చెప్పి, డబ్బా చేతిలో పెట్టి పోయాను. టీచరమ్మ చెప్పింది గదికి. నేను చెప్పింది మనిషికి. ఆ పిల్ల నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. మా ఇళ్ళలో కడుపుతో ఉన్న పిల్ల తొమ్మిదో నెలలో పుట్టింటికి పోతుందని పుట్టినప్పటినుంచీ చూస్తున్న నాకు, ఎదురుగా నిండు గర్భిణి నిలబడి ఉన్నా, ఆ ఆలోచనే రాలేదు.

"తెచ్చిచ్చింది నేనే గదా మామా," అన్నాడు ఆమె కొడుకు, మంచం దింపి. "ఆదివారం బిడ్డను చూసేదానికి పోయినప్పుడు, మామ అడుగుతాడు అనేసి తీసుకొచ్చినా. నువ్వు గేటుకాడనే తీసుకుంటివి."

అవును. బండి దిగలేదు, ఇంజను ఆపలేదు. గేటు మీదుగా చెయ్యి చాచి డబ్బా అందుకుని, బాగున్నావా అల్లుడా అని పోయాను. ఇంకా నాలుగిళ్ళు తిరిగితే పని అయిపోతుందనే తొందర.

అక్కకు ముందు వెలిగింది ఒక్కటే. ముఖం ఒక్కసారిగా విప్పారింది. "అట్లయితే అది మా ఇల్లు కాదు గదా! వారం పది రోజులుండాది ఈడ, అంతే. మా ఇంటి గాలి మంచిదే!" అని కొడుకు భుజం మీద కొట్టింది. "ఎత్తరా మంచాలు లోపలికి. నల్లవేళ, బతికిపోతిమి, నా ప్రాణం..."

అంతవరకే అంది. కొడుకు మంచం ఎత్తలేదు. ఆమె వాడి ముఖం చూసి, నా ముఖం చూసి, మెట్టు మీద కూలబడింది.

"అయ్యో సామీ. బిడ్డ ఆడుండాడే. ఆ గదిలోనే ఉంచండి అనేసి నేనే చెప్పినానే."

టీచరమ్మకు ఫోను చేశాను. మొత్తం విన్నాక ఆమె, "మీరు తీయలేదా? మీ చేత్తో తీయలేదా?" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ లేదనే చెప్పాను. ఆమె కోపాన్ని పక్కన పెట్టి చెప్పిన మాటలు ఇవి. డబ్బా రెండిళ్ళు తిరిగింది కాబట్టి ఆ కొలత ఏ ఇంటిదనీ రాసుకోలేము, రెండిళ్ళలోనూ మళ్ళీ చూడాలి. కానీ ఎక్కువ రోజులు ఉన్నది ఆ గదిలో కాబట్టి అనుమానం ఆ గది మీదే. ఇది విషం తాగినట్టు కాదు, కొన్ని నెలల్లో ముంచుకొచ్చేది కాదు, ఏళ్ళ మీద పేరుకునే ముప్పు. భయపెట్టకండి. అలాగని రేపటికి వాయిదా వేయకండి. ఈ రోజే తల్లీబిడ్డా వేరే గదిలోకి మారాలి, ఆ గది కిటికీ తెరవాలి.

భయపెట్టకండి అన్న మాట నాకు మందులా పనిచేయలేదు. అల్లుడి బండి వెనక కూర్చుని పళ్ళిపట్టు దారి పట్టాక, ప్రతి గుట్టా నాకు వేరేగా కనిపించింది. పుట్టినప్పటినుంచీ చూసిన రాళ్ళే అవి. వాటి మీద ఎక్కి ఆడినవాణ్ణి. ఇప్పుడు అవి కూడా ఊపిరి తీస్తున్నాయనిపించింది. అల్లుడు దారిలో ఒక్కసారే మాట్లాడాడు. "బిడ్డకి రెండు రోజులుగా దగ్గు మామా." తరువాత బండి వేగం పెంచాడు.

ఆ ఊళ్ళో ఒక వీధి మొత్తం గుట్టను ఆనుకుని ఉంది. కోడలి పుట్టిల్లు అందులో మూడోది. ముందు హాలు, దాని వెనక వంటిల్లు, ఆ వెనక ఒక చిన్న గది. ఆ గదికి ఒకవైపు గోడే లేదు, గుట్ట రాయే గోడ. దాని మీదే సున్నం కొట్టారు. కింద కడప బండలు పరిచారు కానీ రాయికీ బండలకూ మధ్య వేలు పట్టే సందు. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుందని, గాలి సోకదని, ఆ ఇంట్లో తరతరాలుగా బాలింతలను అక్కడే ఉంచుతారు. ఉన్న ఒక్క చిన్న కిటికీలో గోనెసంచి కుక్కి ఉంది. లోపల సాంబ్రాణి, వాము, వెల్లుల్లి వాసన. మంచం తలవైపు గోడకు కొత్త మేకు. డబ్బా తీసేసినా దాని దారం ఇంకా వేలాడుతోంది.

ఆ పిల్ల చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని, ఒళ్ళో బిడ్డతో కూర్చుని ఉంది. మా రాక చూసి నవ్వబోయి, మొగుడి ముఖం చూసి ఆగింది. బిడ్డ దగ్గాడు.

విషయం చెప్పాను. దాచకుండా, నా మాట నుంచి గేటు దాకా అంతా చెప్పాను. ఆ పిల్ల వింటూ వింటూ బిడ్డను గుండెకు గట్టిగా అదుముకుంది.

"నేను సరిగ్గానే పెట్టినా గదా మామా. ఎవుర్నీ ముట్టుకోనీలేదు. ఆస్పత్రికి పోయిన రోజు కూడా, మా అవ్వని చూసుకోమని చెప్పి పోయినా." కళ్ళు నిండాయి. "నా వల్లనేనా?"

"నీ వల్ల కాదు తల్లీ. నువ్వొక్కదానివే చెప్పినట్టు చేసినావు. చెప్పడం రానిది నాకు."

ఆమెకు అది వినిపించిందో లేదో తెలియదు. ఎందుకంటే అప్పటికే ఆ ఇంటి అవ్వ వంటింట్లోంచి వచ్చేసింది. ఆ పిల్లకు అమ్మమ్మ, ఇల్లు ఆమెదే; పిల్ల తల్లిదండ్రులు ఇంకా పని నుంచి రాలేదు. పొట్టి మనిషి, చేతిలో వేడి నీళ్ళ చెంబు.

"ఎవురు ఈయన? కిటికీ తెరవమంటాడా? మార్గళి మంచులోనా?"

"అవ్వా, రాయి లోంచి ఒక గాలి వస్తాది..."

"నాకు వినపడింది. వాసన ఉందా దానికి?"

"లేదవ్వా."

"కనపడతాదా?"

"లేదు."

"కనపడని గాలికి భయపడి, కనపడే చలిలోకి బిడ్డని తోస్తారా! ఈ గదిలో నేను ముగ్గుర్ని కన్నా. నా కూతురు ఇద్దర్ని కనింది. అందరూ గుండ్రాళ్ళ మాదిరి ఉండారు. మాకేమైంది?"

"ఏమీ కాకపోవచ్చు అవ్వా," అన్నాను. పొద్దున అయితే ఇలా అనేవాణ్ణి కాదు. "ఏమీ కాకపోవచ్చు. అవుతాదని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను."

అవ్వ చెంబు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "చెప్పలేనోడివి ఇంత దూరం ఎందుకొచ్చినావు?"

అల్లుడు ఏదో గట్టిగా అనబోయాడు. అంతలో ఆ పిల్లే మాట్లాడింది, తల ఎత్తకుండా. "అవ్వా, ఇంక నాకు ఈ గదిలో కండ్లు మూత పడవు. పాలు కూడా రావు, చూడు. ముందు హాల్లో పండుకుంటా."

పాలు రావు అన్న మాట దగ్గర అవ్వ మెత్తబడింది. అయినా ఓడిపోయినట్టు కనిపించడం ఇష్టం లేదు. నా వైపు వేలు చూపించింది.

"సరి. హాలు గాలి కొట్టే హాలు. నువ్వు పోయి ఆడ కూర్చో. స్వెట్టర్ తియ్యి, మఫ్లర్ తియ్యి. చొక్కా కూడా తియ్యి. బిడ్డని పండబెట్టే కాడ పండుకో. నీకు చలి యాడ తగిలితే ఆడ చెప్పు. నీకు తగలకపోతే బిడ్డకి తగలదు."

అల్లుడు నవ్వు ఆపుకోవడానికి వాకిలి వైపు తిరిగాడు. నేను చొక్కా తీసి బనియనుతో, హాల్లో చాప మీద పడుకున్నాను. వీధి తలుపు మూసే ఉంది. చీకటి పడుతోంది. మొదట ఏమీ తెలియలేదు. తరువాత తలుపు కింద నుంచి సన్నగా, కత్తి అంచులాగా ఒకటి వచ్చి మెడకు తగిలింది.

"తలుపు కింద అవ్వా."

ఆమె పాత చీర చుట్టి అక్కడ పెట్టింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు ఎడమ చెవికాడ. ఆ కిటికీ రెక్క సరిగా పడలేదు."

"ఇది?"

"అరికాళ్ళకి తగలతా ఉంది."

"ముసలి కాళ్ళకి అన్నీ తగలతాయి. అటు తిరుగు."

అలా నన్ను ఆ హాలంతా జరిపింది. గుమ్మం పక్కన వద్దంది, దేవుడి పటాల కింద వద్దంది. చివరికి బీరువాకూ గోడకూ మధ్య మూలలో, నాకు ఎక్కడా చలి తగలని చోటు దొరికింది. కాసేపు కదలకుండా ఉండమంది. ఉన్నాను. పైకప్పు చూస్తూ పడుకుని, ఇంతసేపు ఒక గదిలో గాలి ఎక్కడినుంచి వస్తోందని నా ఒంటితో ఎప్పుడైనా చూశానా అని అనుకున్నాను. అవ్వ నా వీపు కింద చెయ్యి పెట్టి చాప వెచ్చగా ఉందో లేదో చూసింది. "లెయ్యి. మంచం ఈడనే వెయ్యండి," అంది.

మంచం అక్కడికి మారింది. చుట్టూ చీరలు కట్టి తెర చేశారు. పైన మాత్రం వదిలేశారు, గాలి ఆడడానికి. వెనక గదిలో కిటికీ గోనెసంచి అవ్వే లాగింది. లాగుతూ నన్నూ, కాలేజీనీ, నన్ను కన్నవాళ్ళనూ తిట్టింది. ఆ గది తలుపు మూసి, ఇంట్లోకి గాలి రాకుండా కింద తడిగుడ్డ పెట్టారు.

బిడ్డ దగ్గు గురించి టీచరమ్మను మళ్ళీ అడిగాను. అది దీనివల్ల కాదు, జలుబు అయ్యుంటుంది, అయినా డాక్టరుకు చూపించండి అంది. మరుసటి రోజు తిరుత్తణిలో చూపించారు, జలుబే. ఆ మాట ఫోనులో వినేదాకా నేను పడిన అవస్థ ఎవరికీ చెప్పుకోదగింది కాదు. ముప్పు తెచ్చింది నేను కాదు, ఆ రాయి నేను పుట్టకముందునుంచీ అక్కడ ఉంది. ఆ సంగతి తెలిసి కూడా నాకు ఊరట కలగలేదు. ఎందుకంటే తేవద్దన్న ఆ ఫోను కాల్ నా వల్ల జరిగింది. ఆ సాయంత్రం నేను లేచి అక్క ఇంటికి పోకపోయి ఉంటే, ఆ బిడ్డ ఇంకా ఆ గదిలోనే, అందరూ మంచి చేస్తున్నామనుకుంటూ ఉండగా, ఉండిపోయేవాడు. ఎన్ని నెలలో ఎవరికి తెలుసు.

మరుసటి పొద్దున పాల సొసైటీకి ముందే పోయి నిలబడ్డాను. నిన్నటివాళ్ళంతా వచ్చేదాకా ఆగి చెప్పాను. అక్క ఇంట్లో ఎక్కువ ఉందని నేను అన్నది తప్పు, డబ్బా ఆ ఇంట్లో లేనే లేదు, నేను చూడకుండా తీసుకున్నాను, చూడకుండా చెప్పాను. నిన్న జబ్బు గురించి అడిగిన ఆయనే అన్నాడు, "అట్లయితే మా ఇంటి డబ్బా కూడా ఎవురిదో ఏమో!" మరొకరు, "ఈ పొద్దు గాలి ఎటుపక్క కొడతా ఉందో చెప్పు సామీ, వడ్లు తూర్పారబట్టల్ల," అన్నారు. నవ్వారు. నవ్వనిచ్చాను.

అక్క నవ్వలేదు. పాలు పోసి, మూత బిగించి, నా ముందు ఆగింది. "పదిమందిలో అన్న మాటని పదిమందిలోనే ఎనక్కి తీసుకుంటివి. సరే. నిన్న ఆ ఇద్దరాడోళ్ళు నన్ను చూసి పక్కకి జరిగిరే, దాన్ని ఎట్ల ఎనక్కి తీసుకుంటావు?" అని పోయింది.

దానికి దారి నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసిన పనులు మాత్రం చేశాను. డబ్బా ఇచ్చిన ప్రతి ఇంటికీ నడిచి పోయి, మీరు ఎక్కడ తగిలించారు, ఎప్పుడైనా కదిల్చారా అని అడిగాను. ఒక ఇంట్లో పిల్లలు ముట్టుకుంటారని బియ్యం డ్రమ్ములో దాచారు. ఒక ఇంట్లో మంచి డబ్బా పొగ పట్టిపోతుందని వాకిట్లో తులసికోట మీద పెట్టారు. బాగున్నాయని నేను చెప్పిన ఇళ్ళు అవి. ఒక్కటీ దాచకుండా టీచరమ్మకు చెప్పాను. ఆ పనిలోంచి నన్ను తీసేసినా సరేనన్నాను. ఆమె తీసేయలేదు. మొదటినుంచీ మళ్ళీ చేయమంది, ఈసారి రెండు వారాలకొకసారి ప్రతి ఇంటికీ పోయి మేకు మీద డబ్బా ఉందో లేదో చూసి రమ్మంది.

బుధవారం కోడలూ బిడ్డా అక్క ఇంటికి వచ్చేశారు. వచ్చేముందు అక్క ఇంటి పడక గదిలో కొత్త డబ్బా తగిలించి, కిటికీ తెరిచే ఉంచమని చెప్పాను. కానీ ఆ గుట్ట కింద ఇంట్లో అవ్వ ఉంది, పిల్ల తల్లిదండ్రులు ఉన్నారు. ఒక మేస్త్రీని తీసుకుని పోయి, వెనక గదిలో బండల సందులన్నీ సిమెంటుతో పూడ్చాము. గోడ పైభాగాన వెంటిలేటరు కొట్టించాము. మేస్త్రీకి అందించడానికి ఇంకెవరూ లేరు కాబట్టి మోకాళ్ళ మీద కూర్చుని తాపీతో నేనూ కొంత పూడ్చాను. అవ్వ గుమ్మంలో నిలబడి, "ఆ మూల వదిలేసినావు, కండ్లు కనపడవా?" అంటూ ఉంది. నిజంగానే వదిలేశాను.

అది పూర్తయి బయటికి వచ్చినప్పుడు ఆ వీధి చూశాను. అదే గుట్టను ఆనుకుని ఇంకా ఇళ్ళు ఉన్నాయి. వాటికీ అలాంటి వెనక గది ఉంటుందని అవ్వే చెప్పింది. వాటిల్లో ఎవరూ కొలవలేదు. ఆ ఊరు టీచరమ్మ లెక్కలోనే లేదు. ఆమెను అడిగి మరికొన్ని డబ్బాలు తెచ్చుకుని, సుత్తి, మేకులు సంచిలో వేసుకుని, మొదటి ఇంటి తలుపు కొట్టాను. ఏమీ ఉండకపోవచ్చు, చూస్తే తెలుస్తుంది, అని మొదలుపెట్టాను. ఎక్కడ పడుకుంటారో చూపించమని అడిగి, లోపలికి పోయి, నా చేత్తో మేకు కొట్టాను. ఈ డబ్బా ఈ గోడకు, మీకు కాదు అని చెప్పి, వాళ్ళ చేత ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాను.

చివరి ఇంట్లో తలుపు కొంచెం తెరిచి, మాకొద్దు పొమ్మన్నారు. పాల సొసైటీ దగ్గర జరిగిన సంగతి అక్కడిదాకా వచ్చింది. సరేనని వచ్చేశాను. రెండో రోజు మళ్ళీ పోయాను. మూడోసారి పోయినప్పుడు ఆ ఇంటాయన తలుపు తీసి, చెప్పులు బయట విడవమన్నాడు.